పరామర్శా, శ్రమదానమా: యుద్ధకాలంలో ఇజ్రాయెల్‌కు యూదు సమాజాల యాత్రల వెనుక కథ

హమాస్ దాడితో యుద్ధం మొదలయ్యాక, 2023 చివరి నెలల్లో దక్షిణ ఇజ్రాయెల్ తోటల్లో అంతకుముందెన్నడూ ఆ పని చేయని కూలీలు కనిపించసాగారు. న్యూజెర్సీ నుంచో, చికాగో నుంచో, లండన్ నుంచో తమ రబ్బీ (యూదు మతగురువు) వెంట వచ్చిన లాయర్లు, డాక్టర్లు, రిటైరైన టీచర్లు పొద్దున్నే బస్సు దిగి, చేతికి ఒక చిన్న కత్తెర తీసుకుని నారింజ చెట్ల కిందికి వెళ్లేవారు. కాయను లాగి తెంపితే తొడిమ దగ్గర తొక్క చిరిగి కుళ్లు పడుతుంది, తొడిమను పొడుగ్గా వదిలేస్తే పెట్టెలో అది పక్క కాయకు గుచ్చుకుంటుంది. అందుకే కాయకు ఆనించి కత్తిరించడం ముందు నేర్చుకోవాలి. మధ్యాహ్నానికి కొన్ని పెట్టెలు నిండేవి, నడుములు పట్టేసేవి, బస్సు మరో ఊరికి బయలుదేరేది.

అమెరికాలోని యూదుల సమాజమందిరాల్లో ఇలాంటి యాత్ర ఇప్పుడు దాదాపు ఆనవాయితీగా మారింది. నాలుగైదు రోజులు, ఇరవై నుంచి నలభై మంది, ఒక బస్సు. పత్రికల్లో దీన్ని సంఘీభావ యాత్ర అని రాస్తారు గానీ, మనకున్న మాటల్లో చెప్పాలంటే ఇందులో సగం పరామర్శ, సగం శ్రమదానం. ఈ రెండూ ఎప్పుడు, ఎలా ఒకే బస్సెక్కాయో తెలియకుండా ఇప్పుడు వాటి మీద జరుగుతున్న వాదం అర్థం కాదు.

పరామర్శ పాతది. నిర్గమకాండము 17వ అధ్యాయంలో అమాలేకీయులతో యుద్ధం జరుగుతుండగా మోషే చేతులు బరువెక్కినప్పుడు అతన్ని ఒక రాతి మీద కూర్చోబెట్టి, అహరోను, హూరు చెరొక చేతినీ ఎత్తి పట్టుకున్న ఘట్టం తెలుగు బైబిలు చదివినవారికి తెలిసిందే. యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తాల్ముద్‌లోని తానీత్ భాగం అక్కడొక ప్రశ్న వేస్తుంది. మోషేకు కూర్చోవడానికి ఒక దిండో పరుపో దొరకలేదా? దొరక్క కాదు, జనం కష్టంలో ఉన్నప్పుడు తానూ వారితోపాటు కష్టంలోనే ఉంటానని అతడు రాతిని ఎంచుకున్నాడని జవాబు. యుద్ధకాలపు యాత్రలకు బయలుదేరే ముందు రబ్బీలు చెప్పే ప్రసంగాల్లో ఈ రాయి తరచుగా వస్తుంది. దానితోపాటు ఒక అలవాటు కూడా ఉంది. ప్రయాణమయ్యే వారి చేతిలో ఇరుగుపొరుగు తలా ఒక డాలరు నోటు పెడతారు, చేరాక దాన్ని దానం చేయాలి. మంచిపని మీద దూతగా వెళ్లేవాడికి హాని జరగదన్న తాల్ముద్ మాట దీనికి ఆధారం. ఆ డాలరు విలువ దానిలో లేదు, మనిషిని దూతగా మార్చడంలో ఉంది.

చాలా శతాబ్దాల పాటు దూతలు నడిచిన దిక్కు మాత్రం దీనికి తలకిందులు. జెరూసలేం, హెబ్రోను, సఫేద్, తిబెరియ పట్టణాల్లోని పేద యూదు సమాజాలు తమ ప్రతినిధులను ఐరోపాకు, ఉత్తర ఆఫ్రికాకు, యెమెన్‌కు చందాల కోసం పంపేవి. 18వ శతాబ్దంలో హెబ్రోను తరఫున ఐరోపా అంతా తిరిగిన హయ్యిం యోసేఫ్ దావీద్ అజులాయ్ తన ప్రయాణాల దినచర్యను కూడా రాసిపెట్టాడు. అడిగేవాడే ప్రయాణం చేసేవాడు, ఇచ్చేవాడు ఇంట్లోనే ఉండేవాడు. 1914 ఆగస్టులో అట్టోమన్ సామ్రాజ్యంలోని అమెరికా రాయబారి హెన్రీ మోర్గెంథావ్ న్యూయార్క్ బ్యాంకరు జేకబ్ షిఫ్‌కు తంతి కొట్టి, పాలస్తీనాలోని యూదుల కోసం 50 వేల డాలర్లు అడిగినప్పుడూ జరిగింది అదే. ఆ తంతి నుంచే జాయింట్ డిస్ట్రిబ్యూషన్ కమిటీ అనే యూదు సహాయ సంస్థ పుట్టింది, మరుసటి ఏడాది అమెరికా నౌకాదళపు బొగ్గు ఓడ వల్కన్ 900 టన్నుల ఆహారాన్ని, మందులను మోసుకెళ్లింది. సరుకు కదిలింది తప్ప దాతలు కదలలేదు.

మనుషులు కదిలింది 1948లో. కొత్తగా ఏర్పడిన ఇజ్రాయెల్ కోసం పోరాడటానికి నలభైకి పైగా దేశాల నుంచి దాదాపు 3,500 మంది వచ్చారు. వారినే మఖల్ అంటారు, విదేశీ స్వచ్ఛంద సేవకులు అన్న హీబ్రూ మాటల సంక్షిప్త రూపం అది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపినవారు, ఓడల్లో పనిచేసినవారు, డాక్టర్లు వారిలో ఎక్కువ. అంటే అక్కడ లేని నైపుణ్యాన్ని వారు వెంట తెచ్చారు. వారిలో అందరికంటే పెద్ద హోదా పొందిన అమెరికన్ కల్నల్ డేవిడ్ మార్కస్, మిక్కీ అని పిలిచేవారు, చనిపోయిన తీరు మాత్రం మరో సంగతి చెబుతుంది. 1948 జూన్ 11 తెల్లవారకముందు, సంధి అమల్లోకి రావడానికి కొద్ది గంటల ముందు, అబూ గోష్ దగ్గర శిబిరం అంచుకు ఆయన ఒంటికి తెల్ల దుప్పటి చుట్టుకుని వెళ్లాడు. కాపలా కుర్రాడు హీబ్రూలో సంకేతపదం అడిగాడు. ఆయనకు హీబ్రూ రాదు. ఇంగ్లీషులో పలికిన జవాబు కుర్రాడికి అర్థం కాలేదు, తుపాకీ పేలింది. సాయానికి వచ్చినవాడు ఆ నేలకు ఎంత కొత్తవాడో ఈ ఉదంతం కంటే స్పష్టంగా చెప్పేది మరొకటి లేదు.

1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంతో కథ ఆయుధం నుంచి పొలానికి మళ్లింది. ఇజ్రాయెల్ సైన్యంలో అధిక భాగం రిజర్వు సిపాయిలే. సమీకరణ ఉత్తర్వు వచ్చిందంటే ట్రాక్టరు నడిపేవాడు, పాలు పితికేవాడు, బస్సు డ్రైవరు ఒకే రోజున యూనిఫాం వేసుకుంటారు. ఆ ఏడాది మే నెలలో పొలాలు అలాగే ఖాళీ అయ్యాయి. ప్రపంచం నలుమూలల నుంచి వేల మంది యువకులు పేర్లిచ్చారు గానీ, యుద్ధం ఆరు రోజుల్లో ముగిసిపోవడంతో వారిలో చాలామంది విమానం దిగేసరికి కాల్పులు ఆగిపోయాయి. అయినా పంట ఆగదు కదా. వారు కిబుట్జ్‌లకు, అంటే ఉమ్మడి ఆస్తితో నడిచే వ్యవసాయ గ్రామాలకు వెళ్లారు. అక్కడినుంచి మొదలైన కిబుట్జ్ వాలంటీర్ల ప్రవాహం తర్వాతి దశాబ్దాల్లో మూడు లక్షలు దాటింది, వారిలో యూదులు కానివారే ఎక్కువ. 1973 అక్టోబరు యుద్ధంలోనూ ఇదే పునరావృతమైంది.

ఈ ఆకస్మిక ఉత్సాహాన్ని వ్యవస్థగా మార్చినవాడు అహరోన్ డేవిడీ. పారాట్రూపర్ల దళానికి అధిపతిగా పనిచేసి రిటైరైన బ్రిగేడియర్ జనరల్ ఆయన. 1982 వేసవిలో లెబనాన్ యుద్ధం మొదలైనప్పుడు గోలాన్ కొండల్లో సామాజిక, సాంస్కృతిక కార్యక్రమాలు చూస్తున్నాడు. మగవాళ్లందరినీ రిజర్వుకు పిలవడంతో అక్కడి పంట చేతికి రాకుండా చేలోనే పాడయ్యే పరిస్థితి వచ్చింది. ఆయన కొందరు మిత్రులను అమెరికాకు పంపాడు, కొద్ది వారాల్లోనే దాదాపు 650 మంది దిగారు. మరుసటి ఏడాది అది సర్-ఎల్ అనే సంస్థగా రూపుదిద్దుకుంది, ఇజ్రాయెల్‌కు సేవ అన్న హీబ్రూ మాటల నుంచి వచ్చిన పేరది. సర్-ఎల్ వాలంటీర్లు సైనిక స్థావరాల్లో ఉంటారు, సైన్యపు దుస్తులే వేసుకుంటారు, ఆయుధం పట్టరు. భుజం మీద నీలిపట్టీ వారిని వేరు చేస్తుంది. మందుల కిట్లు సర్దడం, గడువు తీరిన వస్తువులను ఏరడం, గోదాములు శుభ్రం చేయడం వారి పని. డెబ్బై ఏళ్ల అమెరికన్ పెద్దమనిషి, తన మనవడి వయసు సార్జెంటు చెప్పినట్లు బ్యాండేజీలు లెక్కపెట్టి సంచుల్లో పెడుతుంటాడు. గాజా మీద, లెబనాన్ మీద సైన్యం చేసే యుద్ధంతో విభేదించేవారికి ఇదే పెద్ద అభ్యంతరం. తోటలో నారింజ కోయడం వేరు, సైన్యపు గోదాములో పనిచేయడం వేరు అని వారు గుర్తుచేస్తారు. ఆ తేడాను దాటవేయడం నిజాయితీ కాదు.

1991 గల్ఫ్ యుద్ధం మరో మలుపు. ఇజ్రాయెల్ ఆ యుద్ధంలోకి దిగలేదు, పెద్దఎత్తున సమీకరణ లేదు, కాబట్టి చేతుల కొరతా పెద్దగా లేదు. దాదాపు 40 ఇరాకీ స్కడ్ క్షిపణులు పడ్డాయి, జనం విషవాయువు మాస్కులతో గదుల్లో కూర్చున్నారు, చాలా విదేశీ విమాన సంస్థలు రాకపోకలు మానేశాయి. అప్పుడు వచ్చిన బృందాలు చేసిన పని ఒక్కటే, రావడం. దానికి ప్రతీకగా నిలిచిన సంఘటన ఫిబ్రవరి 23న జెరూసలేంలో జరిగింది. ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందంతో అమెరికా వయొలిన్ విద్వాంసుడు ఐజాక్ స్టెర్న్ కచేరీ నడుస్తుండగా సైరన్ మోగింది, ప్రేక్షకులు మాస్కులు తగిలించుకున్నారు, వాద్యబృందం వేదిక దిగింది. స్టెర్న్ మాత్రం మాస్కు లేకుండా ఒంటరిగా తిరిగొచ్చి వయొలిన్ మీద బాఖ్ వాయించాడు. ఆ రాత్రి వాద్యబృందానికి సారథి బొంబాయిలో పుట్టిన పార్శీ జుబిన్ మెహతా. 1967 యుద్ధం రోజుల్లో కూడా ఆయుధసామగ్రి మోస్తున్న విమానమెక్కి ఆయన ఇజ్రాయెల్ చేరుకున్నాడు.

రావడమే సేవ అనుకున్నాక, రాకపోవడం నేరమైపోతుంది. 2001లో ఈ చిక్కు బయటపడింది. రెండో ఇంతిఫాదా, అంటే పాలస్తీనీయుల తిరుగుబాటు, సాగుతుండగా జూన్ 1న టెల్ అవీవ్ సముద్రతీరంలోని డాల్ఫినేరియం డిస్కో ముందు జరిగిన ఆత్మాహుతి దాడిలో 21 మంది చనిపోయారు, ఎక్కువమంది పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. ఆ వెంటనే అమెరికాలో అత్యధిక సభ్యులున్న రిఫార్మ్ యూదు శాఖ ఆ వేసవి యువజన యాత్రలను రద్దు చేసింది. దాని అధ్యక్షుడు రబ్బీ ఎరిక్ యోఫీ వాదం సూటిగా ఉంది: రాజకీయ సందేశం కోసం ఇతరుల పిల్లలను పణంగా పెట్టే హక్కు మనకు లేదు. ఇజ్రాయెల్ నుంచీ, ఇతర యూదు శాఖల నుంచీ తీవ్ర విమర్శలు వచ్చాయి. 2000లో 24 లక్షలున్న పర్యాటకుల సంఖ్య 2002 నాటికి తొమ్మిది లక్షల లోపుకు పడిపోయిన కాలమది. ఖాళీ హోటళ్లలో దిగి, ఖాళీ దుకాణాల్లో కొనడమే పనిగా సమాజమందిరాల బృందాలు బయలుదేరాయి. నా దృష్టిలో యోఫీ తప్పు చేయలేదు. తన ప్రాణాన్ని పెట్టుబడి పెట్టే పెద్దవాడి నిర్ణయాన్ని పిల్లవాడి తలకు చుట్టకూడదన్నది ఆయన గీసిన గీత, ఆ తర్వాతి సంఘీభావ యాత్రలు ఎక్కువగా పెద్దల యాత్రలే కావడం కాకతాళీయం కాదు.

ఈ అలవాటు ఇజ్రాయెల్‌కే పరిమితం కాలేదు. 2022లో రష్యా దాడి తర్వాత ఉక్రెయిన్ శరణార్థులు దాటి వస్తున్న పోలండ్ సరిహద్దుకు, క్రాకోవ్ యూదు సామాజిక కేంద్రానికి అమెరికా రబ్బీలు తమ సభ్యులతో, మందులు, దుస్తులు నింపిన పెద్దపెద్ద సంచులతో వెళ్లారు. మరుసటి ఏడాది అవే సంచులు టెల్ అవీవ్ దారి పట్టాయి.

2023 అక్టోబరు 7 హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది హతులయ్యారు, 251 మందిని గాజాకు ఎత్తుకెళ్లారు. వెంటనే 3.6 లక్షల మంది రిజర్వు సిపాయిలను పిలిచారు. కానీ ఈసారి పొలాలు ఖాళీ అయింది ఒక్క అందువల్లే కాదు. 1967 నాటి కిబుట్జ్ రైతు 2023 నాటికి ఎక్కువగా యజమానిగా, మేనేజరుగా మారిపోయాడు, చేను పని చేసేది దాదాపు 30 వేల మంది థాయ్ కార్మికులు, సరిహద్దు దాటి వచ్చే వేలాది పాలస్తీనా కూలీలు. దాడిలో థాయ్ కార్మికులు పదుల సంఖ్యలో చనిపోయారు, ముప్పై మంది దాకా బందీలయ్యారు, వేల మంది స్వదేశానికి వెళ్లిపోయారు. పాలస్తీనీయుల పర్మిట్లను ప్రభుత్వం నిలిపేసింది. గాజా అంచున ఉన్న ప్రాంతం దేశానికి కూరగాయల గంప వంటిది, అక్కడి టమాటాలు తీగల మీదే పండి రాలిపోసాగాయి. ఆహార సేకరణ సంస్థ లెకెట్ ఇజ్రాయెల్, రైతు రక్షణ సంస్థ హషోమేర్ హఖదాష్ వంటివి వాలంటీర్లను తోటలకు పంచాయి. డేవిడీ కాలపు అవసరం మళ్లీ నిజంగానే వచ్చింది.

అయితే నాలుగు రోజుల బృందం ఒక పూట కోసే పంట, అలవాటుపడిన థాయ్ కార్మికుడు ఒంటరిగా కోసే దానితో ఏమాత్రం తూగుతుందో ఊహించడం కష్టం కాదు. రైతులకూ అది తెలుసు, వచ్చినవారికీ తెలుసు. అందుకే మిగిలిన పూటలు పరామర్శకు పోతాయి. కాలిపోయిన కఫర్ అజా, బేరీ గ్రామాలు, రేయీమ్ దగ్గర దాడికి గురైన నోవా సంగీత ఉత్సవ స్థలం, బందీలు తిరిగిరాని రోజుల్లో టెల్ అవీవ్ మ్యూజియం ముందు బందీల చౌక్‌లో ఎవరూ కూర్చోని పొడవాటి భోజనపు బల్ల, చనిపోయినవారి ఇళ్లు. సంతాప గృహంలో దుఃఖంలో ఉన్నవాడు నోరు తెరిచేదాకా వచ్చినవాడు మాట్లాడకూడదన్నది యూదుల ఆచారం. మాటకారులైన అమెరికన్లు ఆ కుర్చీల్లో మౌనంగా కూర్చోవడమే బహుశా యాత్రలో అన్నిటికంటే కష్టమైన పని.

విమర్శ కూడా ఇక్కడినుంచే మొదలవుతుంది. బస్సు ఆగే చోట్లలో గాజా ఉండదు, ఉండే వీలూ లేదు. గాజా ఆరోగ్య శాఖ లెక్కల ప్రకారం 2025 అక్టోబరు నాటికి అక్కడ 67 వేల మందికి పైగా చనిపోయారు. కంచెకు ఒక పక్కనే కూర్చుని దుఃఖాన్ని పంచుకోవడం సాక్ష్యం అవుతుందా అని యూదు సమాజాల్లోనే అడిగేవారున్నారు. 2024 ఏప్రిల్‌లో అమెరికా, ఇజ్రాయెల్ రబ్బీల బృందం ఒకటి ఆహారపు మూటలతో గాజా ఎరెజ్ సరిహద్దు వైపు నడిచింది, పోలీసులు వారిలో కొందరిని అరెస్టు చేశారు. 1988లో ఏర్పడిన రబ్బీస్ ఫర్ హ్యూమన్ రైట్స్ సంస్థ చాలా ఏళ్లుగా శరదృతువులో, ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లోని ఆలివ్ తోటలకు వాలంటీర్లను తీసుకెళ్తోంది. అక్కడ స్థిరపడిన ఇజ్రాయెలీయుల దాడుల భయం ఉన్న పాలస్తీనా రైతుల పక్కన నిలబడి కాయ దూయడం వారి పని. అదీ శ్రమదానమే, అదీ పరామర్శే, చెట్టు వేరు.

ఈ కథలో భారతీయుల పాత్ర జీతం మీద. పాలస్తీనా కూలీల స్థానంలో భారతీయులను తీసుకోవడం యుద్ధంతో వేగం పుంజుకుంది. నిజామాబాద్ పరిసరాల నుంచి వెళ్లి అక్కడ వృద్ధులను చూసుకుంటున్న తెలంగాణవారు అంతకుముందు నుంచే ఉన్నారు. 2024 మార్చిలో లెబనాన్ నుంచి వచ్చిన క్షిపణి ఉత్తర ఇజ్రాయెల్‌లోని మర్గలియోత్ తోటలో పడి కేరళకు చెందిన కార్మికుడు ఒకరు చనిపోయారు. వాలంటీరు ప్రమాదాన్ని ఎంచుకుని వస్తాడు, కూలీకి ఆ ఎంపిక అంత తేలిక కాదు.

2025 జూన్ 13న ఇజ్రాయెల్, ఇరాన్ మధ్య యుద్ధం మొదలై గగనతలం మూతపడినప్పుడు వేలాది విదేశీయులు ఎక్కడివారక్కడ చిక్కుకుపోయారు, వారిలో సంఘీభావ బృందాలూ ఉన్నాయి. యువజన యాత్రలు నడిపే బర్త్‌రైట్ సంస్థ దాదాపు 1,500 మందిని క్రౌన్ ఐరిస్ అనే విహారనౌక ఎక్కించి సైప్రస్‌లోని లార్నాకాకు చేర్చింది, వారిలో ఎక్కువమంది అక్కడినుంచి చార్టర్ విమానాల్లో ఫ్లోరిడా వెళ్లారు. రాత్రిళ్లు సైరన్ మోగినప్పుడల్లా షెల్టరుకు దారి చూపి, ఇళ్లలో చోటిచ్చి, ఓడదాకా దింపి వచ్చింది స్థానికులే. 1982లో డేవిడీ మనుషులు అమెరికా వెళ్లి సాయానికి పిలిచింది ఈ స్థానికుల కోసమే.