సర్కిల్‌విల్ ఆకాశరామన్న

పేరు లేని ఉత్తరాలు రాసేవాడికి మనం ఆకాశరామన్న అని ఎప్పుడో పేరు పెట్టేశాం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, గుమ్మడికాయల జాతరకు పేరుపడ్డ సర్కిల్‌విల్ అనే చిన్న పట్టణంలోనూ ఒక ఆకాశరామన్న ఉండేవాడు. ఆడో మగో కూడా ఇప్పటికీ తేలలేదు.

1976-77 ప్రాంతంలో ఒక స్కూలు బస్సు డ్రైవరమ్మకు ఉత్తరాలు మొదలయ్యాయి. అన్నీ పెద్ద అచ్చక్షరాలు, కొలంబస్ పోస్టు ముద్ర. స్కూళ్ల సూపరింటెండెంటుతో సంబంధం మానుకో, నీ ఇల్లు చూస్తున్నాను అని బెదిరింపు. తర్వాత ఆమె భర్తకూ అందాయి. 1977 ఆగస్టులో ఒక రాత్రి ఫోన్ రాగానే అతను పిస్తోలు పట్టుకుని బయటికెళ్లాడు. కాసేపటికి అతని బండి చెట్టుకు గుద్దుకుని ఉంది, అతను చనిపోయాడు. పిస్తోలు ఒకసారి పేలి ఉంది. షెరీఫ్ (అక్కడి పోలీసు పెద్ద) డ్వైట్ రాడ్‌క్లిఫ్ మాత్రం తాగి నడిపిన ప్రమాదమేనని తేల్చేశారు.

1983 ఫిబ్రవరిలో బస్సు దారి పక్కన తన కూతురి మీద రాసిన బోర్డును ఆమె పీకబోయింది. దాని వెనక పెట్టెలో, తాడు లాగితే పేలేలా అమర్చిన పిస్తోలు! అదృష్టంకొద్దీ పేలలేదు. చెరిపిన నంబరును ల్యాబులో పైకి తెస్తే ఆ పిస్తోలు చనిపోయిన భర్త బావగారిదని తేలింది. ఎప్పుడో పోయిందని ఆయన వాదన. షెరీఫ్ ఆయనకు అసలు ఉత్తరమే చూపించి, అలాగే రాయమన్నారు. చూసి రాస్తే పోలిక రాక ఏమవుతుంది? కేసు హత్యాయత్నానిదే అయినా, ఉత్తరాలూ సాక్ష్యాలయ్యాయి. ఉచ్చు పన్నిందెవరు, ఉత్తరాలు రాసిందెవరు అన్న రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు అనుకోవడం దగ్గరే చిక్కంతా పడిందని నాకనిపిస్తుంది.

ఆ బావగారికి 7 నుంచి 25 ఏళ్ల శిక్ష పడింది. ఉత్తరాలు మాత్రం ఆగలేదు. ఆయన్ని జైల్లో ఒంటరి గదిలో పెట్టినా వస్తూనే ఉన్నాయి. పెరోల్ దక్కనప్పుడు ఎగతాళి చేస్తూ ఆయనకే ఒకటొచ్చింది. 1994లో విడుదలై, 2012లో పోయేదాకా నేను కాదనే అన్నాడు. 2021లో ఒక దస్తూరీ నిపుణురాలు ఆ రాత ఆయనదేనంది. మరి జైలు బయట పోస్టు చేసిందెవరు?

ఒక టీవీ కార్యక్రమం వాళ్లు ఈ కథ తీయబోతే, మా ఊరి జోలికి రావద్దంటూ కార్డు వచ్చింది. కింద సంతకం: ‘సర్కిల్‌విల్ రైటర్’.