నదిలో చెత్త ఏరడం నుంచి లెక్కపెట్టడం దాకా

1969 జూన్ 22న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కయహోగా నది అంటుకుంది. నీళ్ల మీద తేలుతున్న నూనె తెట్టుకు, దుంగలకు నిప్పు తగిలింది. అరగంటలోపే ఆర్పేశారు. నష్టం 50 వేల డాలర్లు. ఆ నది అంతకుముందే చాలాసార్లు తగలబడింది కాబట్టి ఊళ్లోవాళ్లకు అదేమంత పెద్ద వార్త కాలేదు. ఆగస్టులో టైమ్ పత్రిక ఆ సంగతి రాస్తూ మంటల్లో చిక్కుకున్న పడవ ఫొటో వేసింది. దేశమంతా ఉలిక్కిపడింది. ఆ ఫొటో 1952 నాటి మంటది. 1969లో ఫొటో తీసేలోపే మంట ఆరిపోయింది.

నదుల శుభ్రత గురించి రాసే ప్రతివాళ్లూ ఈ మంట దగ్గరే మొదలుపెడతారు. నేనూ అక్కడే మొదలుపెట్టాను. అయితే ఒక సంగతి మరుగున పడిపోతుంది. అంతకు ఏడు నెలల ముందే, 1968 నవంబరులో, క్లీవ్‌లాండ్ ఓటర్లు నది బాగు కోసం 10 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకుంటూ ఓటేశారు. మంట చూశాకే జనం కళ్లు తెరిచారన్న మాట పూర్తి నిజం కాదన్నమాట.

1972లో అమెరికా స్వచ్ఛ జలాల చట్టం వచ్చింది. అధ్యక్షుడు నిక్సన్ వీటో చేసినా అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్) ఆ వీటోను తోసిపుచ్చి చట్టాన్ని గెలిపించింది. ఆ చట్టం గురిపెట్టింది ముఖ్యంగా గొట్టాల మీద. ఫ్యాక్టరీ గొట్టమైనా ఊరి మురుగు గొట్టమైనా, దాని చివర ఎవరున్నారో తెలుస్తుంది, పర్మిట్ అడగొచ్చు, జరిమానా వేయొచ్చు. గొట్టంలో రాని మురికి సంగతి వేరు. వీధిలో పారేసిన కవరు, పొలంలో చల్లిన మందు, రోడ్డు మీద కారిన నూనె వానకు కొట్టుకొచ్చి నదిలో కలుస్తాయి. నోటీసు ఎవరికివ్వాలి? చేతులకు గ్లౌజులు వేసుకుని, గోనె సంచులు పట్టుకుని జనం ఒడ్డుకు దిగింది ఎక్కువగా ఈ ఖాళీలోనే.

నీటిని చదివే విద్య అంతకన్నా చాలా పాతది. 1865లో ఏంజెలో సెక్కీ అనే ఇటలీ మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త, పోప్ ఓడ మీద నుంచి తెల్లటి పళ్లేలను తాడుతో సముద్రంలోకి దించాడు. పళ్లెం ఎంత లోతున కనపడకుండా పోతుందో కొలిచాడు. తర్వాత నలుపు, తెలుపు భాగాలతో మారిన ఆ బిళ్లనే ఇప్పటికీ చెరువుల్లో, నదుల్లో పిల్లల చేతికిస్తారు. 1900ల తొలి ఏళ్లలో జర్మనీకి చెందిన కోల్క్‌విట్జ్, మార్సన్ ఇంకో దారి చూపారు: ఏ మురికిలో ఏ ప్రాణి బతుకుతుందో జాబితా రాశారు. నీళ్లను సీసాలో పట్టి పరీక్షిస్తే తెలిసేది ఆ నిమిషపు సంగతే. రాయి తిప్పి అడుగున అంటుకున్న పురుగులను చూస్తే కొన్ని నెలల చరిత్ర తెలుస్తుంది. స్టోన్‌ఫ్లై, మేఫ్లై అనే రెక్కల పురుగుల పిల్లలు నీళ్లలోనే పెరుగుతాయి, వాటికి ఆక్సిజన్ దండిగా కావాలి. అవి కనపడకుండా పోయి, బురదలో ఎర్రటి సన్నని పురుగులు మాత్రమే మిగిలాయంటే నది ఊపిరాడక ఉందని అర్థం. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. ఆక్సిజన్ తక్కువున్న చోట బతకడానికి అదే వాటికి ఆసరా.

ఈ చదువు ల్యాబులో నుంచి ఒడ్డుకు రావడానికి చాలా కాలం పట్టింది. 1969లోనే, గాయకుడు పీట్ సీగర్ చొరవతో, హడ్సన్ నది మీద క్లియర్‌వాటర్ అనే తెరచాప పడవ దిగింది. పిల్లలే తెరచాప లాగుతారు, వల వేస్తారు, చేపను చేతిలోకి తీసుకుని చూసి మళ్లీ నీళ్లలో వదులుతారు. 1984లో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో జరిగింది నాకు మరీ నచ్చుతుంది. స్కూలు పక్కనున్న హ్యూరాన్ నదిలో ఆటలాడిన పిల్లలకు కొందరికి కామెర్లు (హెపటైటిస్) వచ్చాయి. నీళ్లలో ఏముందో తేల్చే పనిలోకి ఆ పిల్లలే దిగారు. యూనివర్సిటీ ప్రొఫెసర్ విలియం స్టాప్ పక్కనుండి నేర్పించారు. మలంతో వచ్చే బ్యాక్టీరియాను వెతికారు, లెక్కలు ఊరి పెద్దల ముందు పెట్టారు. ఆ పద్ధతి డెట్రాయిట్ పక్కనున్న రూజ్ నదికి, తర్వాత వేరే దేశాలకూ పాకింది. పాఠంలో ఉన్నది వాళ్ల ఒంటికే వచ్చిన జబ్బు. ఇక శ్రద్ధ గురించి వేరే చెప్పాలా?

చెత్త ఏరేవాళ్లు కూడా అదే దశాబ్దంలో లెక్క నేర్చారు. 1986లో టెక్సస్ సముద్రతీరంలో 2,800 మంది వాలంటీర్లు చెత్త ఏరుతూ, ఏది ఎన్ని దొరికిందో కార్డుల మీద రాశారు. లిండా మరానిస్ అనే ఆమె పట్టుబట్టిన పద్ధతి అది. తీరాల్లో మొదలైన ఆ కార్డు నది ఒడ్డులకూ వచ్చింది. 1989 జనవరిలో సిడ్నీ హార్బర్‌లో పడవల పందేల ఆటగాడు ఇయాన్ కియర్నన్ పిలిస్తే దాదాపు 40 వేల మంది వచ్చారు. 1993 నాటికి అది ప్రపంచవ్యాప్త కార్యక్రమమైంది. ఇలాంటి రోజుల్లో బస్తాల గుట్ట ముందు నిలబడి ఫొటో దిగడం సులువు. వచ్చే వానకే ఒడ్డు మళ్లీ మొదటికొస్తుంది. బస్తాలో ఏముందో రాసిపెట్టుకున్నవాళ్ల చేతిలో మాత్రం ఒక కాగితం మిగులుతుంది.

ఆ కాగితం ఎందుకు పనికొస్తుందో అమెరికాలోని బాల్టిమోర్ నగరం చూపించింది. 2014లో అక్కడ జోన్స్ ఫాల్స్ నది హార్బర్‌లో కలిసే చోట, నీటి ప్రవాహంతో, సౌరశక్తితో తిరిగే చెత్త చక్రం పెట్టారు. రెండు పెద్ద కళ్లు అతికించి దానికి మిస్టర్ ట్రాష్ వీల్ అని పేరు కూడా పెట్టారు. అది ఎత్తిపోసిన దాంట్లో నురుగు ప్లాస్టిక్ డబ్బాలు ఎన్ని, సిగరెట్ పీకలు ఎన్ని అని లెక్కలు కట్టారు. నురుగు డబ్బాలను నిషేధించాలన్నవాళ్లకు ఆ అంకెలు ఆధారమయ్యాయి. 2018లో నగరం నిషేధించింది.

పంజాబ్‌లోని కాలీ బేయీ కథ ఇంకోలా నడిచింది. 160 కిలోమీటర్ల ఆ నదిని బాగుచేయడానికి 2000లో బల్బీర్ సింగ్ సీచేవాల్ జనాన్ని కూడగట్టారు. గుర్రపుడెక్క పీకి, పూడిక తీసి అక్కడితో ఆగలేదు. ఊళ్ల మురుగు నదిలోకి రాకుండా మళ్లించి, శుద్ధి చేసి పొలాలకు పారించే ఏర్పాటు చేశారు. పని జనం చేతుల్లో మొదలైనా గొట్టం దగ్గరికి వెళ్లక తప్పలేదు.

శుభ్రం చేయాలన్న ఆత్రంలో తప్పులూ జరిగాయి. అమెరికా వాయవ్య ప్రాంతంలో సాల్మన్ చేపలకు అడ్డమని వాగుల్లో పడిపోయిన చెట్ల దుంగలను అధికారులు ఏళ్ల తరబడి తీయించారు. చేపపిల్లలు దాక్కునేది ఆ దుంగల కిందే. 1980ల నుంచి దుంగలను తెచ్చి మళ్లీ వాగుల్లో పడేయించారు. నదిలో పనిచేసే బృందాలకు ఇప్పుడు ముందే చెబుతారు: ప్లాస్టిక్, రబ్బరు, ఇనుము తీయండి, కొమ్మను మాత్రం ఉన్నచోటే ఉండనివ్వండి.