సైకిలు టైరు, రిమ్ము, గాలి: అపోహలు - వాస్తవాలు

విశాఖలో సైకిళ్లు బాగుచేస్తుంటాను. తెల్లవారుజామున బీచ్ రోడ్డెక్కి భీమిలి దాకా తొక్కేవాళ్లు దారిలో ఆగి, టైరును బొటనవేలితో నొక్కి చూసి, "ఇంకాస్త కొట్టండి మాస్టారూ" అంటారు. ఆ వేలి మీదే నాకు అనుమానం.

అపోహ: నొక్కి చూస్తే గాలి ఎంతుందో తెలుస్తుంది.

వాస్తవం: వేలికి తగిలేది గాలి ఒక్కటే కాదు, టైరు గుడ్డ (రబ్బరు కింది నూలు పొర) బిగువు కూడా. ఆ బిగువు గాలి ఒత్తిడితోనూ, టైరు లావుతోనూ పెరుగుతుంది. 25 మిల్లీమీటర్ల టైరులో 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), 50 మిల్లీమీటర్ల టైరులో 40 పీఎస్ఐ ఉంటే గుడ్డ మీద లాగుడు రెండింటికీ సమానమే, అందుకే వేలికి తేడా తెలియదు. సన్న టైర్ల సైకిలు అమ్మేసి లావు టైర్ల సైకిలు కొన్నవారు పాత అలవాటుకొద్దీ "80 కొట్టండి" అన్నప్పుడు నేను పంపు పక్కన పెట్టేస్తాను. ముందు గేజి కొనుక్కోండి.

అపోహ: టైరు ఎంత గట్టిగా ఉంటే బండి అంత వేగం.

వాస్తవం: అద్దంలాంటి నేల మీద కొంతవరకు నిజమే. గరుకు రోడ్డు మీద రాయిలాంటి టైరు ప్రతి గతుకుకూ బండినీ మనిషినీ పైకి ఎత్తేస్తుంది. ముందుకు పోవాల్సిన కష్టం పైకి పోతుంది. పోటీల్లో తొక్కేవాళ్లే 23 మిల్లీమీటర్ల టైర్లు వదిలి 28కీ, అంతకంటే లావుకూ మారారు. ఒకే ఒత్తిడిలో లావు టైరు నేలను తాకే చోటి వైశాల్యం సన్న టైరుకున్నంతే ఉంటుంది దాదాపు, ఆకారమే పొట్టిగా, వెడల్పుగా మారుతుంది. అందువల్ల టైరు తక్కువ నలుగుతుంది.

అలాగని మరీ తగ్గించినా చిక్కే. గుంతలో పడగానే ట్యూబు రిమ్ముకూ టైరుకూ మధ్య నలిగి, బియ్యపు గింజంత చీలికలు రెండు పక్కపక్కన పడతాయి. సైకిళ్లవాళ్లు "పాము కాటు" అనే పంక్చరు ఇదే. మేకు కోసం టైరంతా తడిమితే ఏం దొరుకుతుంది?

అపోహ: టైరు మీద రాసిన అంకెలే అసలు కొలతలు.

వాస్తవం: టైరు మీద 28-622 అని ఉంటే, అందులో 28 మిల్లీమీటర్లు పేరుకు వెడల్పు. రిమ్ము లోపలి వెడల్పు ఒక మిల్లీమీటరు పెరిగితే టైరు సుమారు 0.4 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. ఫ్రేములో అంతంతమాత్రం సందు ఉన్నవారు రిమ్ము మార్చేముందు కొలుచుకోవాలి. ఇరుకు రిమ్ము మీద లావు టైరు, తక్కువ గాలితో, సింహాచలం ఘాట్ రోడ్డు మలుపుల్లో పక్కకు ఊగుతుంది. 622 మాత్రం నికరం, అది రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోటి వ్యాసం, మిల్లీమీటర్లలో. అంగుళాలను నమ్మకండి: పాత పెద్ద సైకిళ్ల 28 అంగుళాల టైరు 635 అయితే, కొండ సైకిళ్ల 29 అంగుళాలది 622!

అపోహ: టైరు మీద ఉన్న పీఎస్ఐ అంతా కొట్టాలి.

వాస్తవం: అది గరిష్ఠ పరిమితి. రిమ్ముకూ పరిమితి ఉంటుంది, రెండింటిలో తక్కువదే లెక్క. లోపలి అంచుకు కొక్కెం లేని రిమ్ములకు సాధారణంగా 5 బార్లు, అంటే 72 పీఎస్ఐ దాటకూడదు.

70 కిలోల మనిషికి, 28 టైరుకు, నేను వెనక చక్రంలో 70 పీఎస్ఐ, ముందు 65తో మొదలుపెడతాను. ఆపై మూడేసి తగ్గిస్తూ తొక్కి చూడమంటాను. మలుపులో టైరు ఊగినట్టనిపిస్తే ఒక మెట్టు వెనక్కి.