పొడవాటి ఇంగ్లీషు మాటను ఎక్కడ విరవాలి?

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల బోర్డులు చదువుతూ నడిస్తే చాలు, ఇంగ్లీషు మాటల నిర్మాణం కళ్ల ముందే కనిపిస్తుంది. కార్డియాలజీ, న్యూరాలజీ, గ్యాస్ట్రోఎంటరాలజీ. ఈ చివరి మాట దగ్గర బాగా చదువుకున్నవారికీ నాలుక తడబడుతుంది. దాన్ని ఎక్కడ విరవాలో బడిలో ఎవరూ చెప్పరు మరి.

అర్థాన్ని బట్టి విరిస్తే అవి గ్రీకు ముక్కలు: గ్యాస్ట్రో అంటే పొట్ట, ఎంటర్ అంటే పేగు, ఆలజీ అంటే శాస్త్రం. ఉచ్చారణను బట్టి విరిస్తే ఏడు సిలబుల్స్, అంటే ఒక్కో అచ్చు చుట్టూ ఒక్క ఊపులో పలికే ముక్కలు: గ్యాస్-ట్రో-ఎన్-ట-రా-ల-జీ. ‘ఎంటర్’ చివరి రకారం ‘ఆలజీ’ మొదటి అచ్చుతో కలిసి ‘రా’ అయింది. రామాలయంలో మాత్రం ‘రామ’ ఎక్కడ ముగిసిందో చెవికి తెలుస్తుందా? సంధి ఆ అతుకును ‘మా’లో దాచేసింది. హెలికాప్టర్‌ను అందరూ హెలి, కాప్టర్ అని విడదీస్తారు. నిజానికి హెలికో అంటే మెలి తిరిగినది, ‘ప్టర్’ అంటే రెక్క!

మనకు అసలైన చిక్కు ఊనికతోనే, అంటే మాటలో ఒక సిలబుల్‌ను ఒత్తి పలకడంతోనే. తెలుగులో అర్థాన్ని మార్చేది అచ్చు నిడివి. పలు వేరు, పాలు వేరు. లఘువుకు 1 మాత్ర, గురువుకు 2 మాత్రలు అని లెక్కపెట్టే చెవి మనది. ఇంగ్లీషులో పొడవాటి మాటకు ఒక సిలబుల్ మీద బలం పడుతుంది. అది గట్టిగా, నిడివిగా వినిపిస్తుంది. బలం లేని అచ్చులు చాలావరకు ‘అ’కు దగ్గరగా నలిగిపోతాయి. ఫోటోగ్రాఫ్‌లో బలం ‘ఫో’ మీద ఉంటుంది. ఫోటోగ్రఫీ అనగానే అది రెండో సిలబుల్‌కు జరిగి, మొదటిది ‘ఫ’గా మిగులుతుంది. ఫోటోగ్రాఫిక్‌లో ‘గ్రా’ మీదికి వెళుతుంది.

ఈ మార్పులన్నీ మాట తోకను బట్టే. ‘ఇక్’, ‘షన్’ ఉంటే సాధారణంగా వాటి ముందు సిలబుల్ మీద ఊనిక పడుతుంది. ‘ఆలజీ’, ‘గ్రఫీ’ ఉంటే చివరి నుంచి మూడోదాని మీద. ‘నెస్’, ‘ఫుల్’ చేరితే ఊనిక కదలదు. అందుకే న్యూరాలజీలో ‘న్యూ’ను సాగదీయకూడదు, ‘రా’ను ఒత్తి పలకాలి. పిల్లలచేత స్పెల్లింగ్ బట్టీ పట్టించే ముందు ఈ ఆరు తోకలు నేర్పితే సగం భయం పోతుందని నా గట్టి నమ్మకం.

1935లో అమెరికాలో పజిళ్ల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ కావాలనే ఒక జబ్బు పేరు కల్పించాడు: న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవల్కేనోకోనియోసిస్. సన్నటి సిలికా ధూళి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బని అర్థం. ఇంగ్లీషులో రాస్తే మొత్తం 45 అక్షరాలు, 19 సిలబుల్స్. తోక ‘ఓసిస్’ కాబట్టి ప్రధాన ఊనిక 18వ సిలబుల్ ‘ఓ’ మీద పడుతుంది.