బోనెక్కిన డబ్బాలు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఉత్తరం చేరింది. ఉడుత బొమ్మ బాగా వేశారు గానీ, తోక ఉడుతకన్నా పెద్దదైంది. ఉత్తరం చివర మీలో పెద్దవాడు అడిగిన ప్రశ్న చూసి మధ్యాహ్నం కునుకు మానేసి కూర్చున్నాను. "తాతయ్యా, ఆకుల పొడి సీసాలను ప్రభుత్వం వాళ్లు లారీకెక్కించి పట్టుకుపోయారట. మందు బిళ్లలంటే భయపడాలి గానీ, ఆకులకు భయమెందుకు? అవి చేసిన తప్పేమిటి?" అని కదా అడిగాడు.

తప్పు సంగతి తరువాత. ముందు ఒక తమాషా చెబుతాను. మీరుంటున్న అమెరికాలో ఇలాంటి సరుకును పట్టుకోవాలంటే ఎఫ్‌డీఏ వాళ్లు, అంటే ఆహారం, మందుల మంచిచెడ్డలు చూసే ప్రభుత్వ సంస్థ వాళ్లు, తామే వెళ్లి లారీకెక్కించరు. న్యాయశాఖ ద్వారా ఫెడరల్ కోర్టులో దావా వేయిస్తారు. కోర్టు వారంటు ఇస్తే మార్షల్స్ అనే కేంద్ర ప్రభుత్వ పోలీసులు వెళ్లి సరుకును స్వాధీనం చేసుకుంటారు. ఆ దావా ఎవరి మీద వేస్తారనుకున్నారు? సరుకు మీదే! ప్రతివాది పేరు రాయవలసిన చోట డబ్బాల పేరు రాస్తారు. 1909లో టెనసీ రాష్ట్రంలోని చాటనూగాలో కోకాకోలా పాకాన్ని ఇలాగే పట్టుకున్నారు. అందులో కలిపిన కెఫీన్ ఒంటికి చెరుపు చేస్తుందని అభియోగం. ఆ కేసు పేరు "అమెరికా ప్రభుత్వం వర్సెస్ 40 పీపాలు, 20 చిన్న పీపాల కోకాకోలా". నేను కల్పించింది కాదు, 1916లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు. చివరకు కంపెనీ రాజీకి వచ్చి కెఫీన్ తగ్గించుకుంది. పీపాలన్నీ బోనెక్కి, ప్లీడరు గద్దించినప్పుడల్లా బుడబుడమని జవాబు చెబుతున్నట్టు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. సరుకు యజమాని కావాలంటే వచ్చి "అది నాది, అందులో దోషం లేదు" అని వాదించుకోవచ్చు. రాకపోతే, లేదా వచ్చి ఓడిపోతే, చాలాసార్లు సరుకును ధ్వంసం చేసేస్తారు.

ఇక తప్పు సంగతి. ఇంటికి ముక్కూ మొహం తెలియని మనిషి వస్తే ఏం చేస్తాం? గుమ్మంలోనే నిలబెట్టి ఎవరు, ఎక్కడి నుంచి, ఏం పని అని అడుగుతాం. అదే చుట్టం వస్తే ఏమీ అడగం. రండి రండి అని లోపలికి పిలిచి కుర్చీ వేస్తాం. అమెరికా చట్టం దృష్టిలో మందు కొత్త మనిషి. తాను పనిచేస్తానని, తన వల్ల చెడుకన్నా మేలు ఎక్కువని పరీక్షల కాగితాలన్నీ చూపించి, ఎఫ్‌డీఏ సరేనన్న తరువాతే గుమ్మం దాటాలి. మూలికల సప్లిమెంటు, అంటే ఆహారానికి తోడుగా అని చెప్పి అమ్మే మూలికల పొడులూ బిళ్లలూ, చుట్టం. 1994లో కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ఒక చట్టం చేసి వాటిని ఆహారం కిందే జమకట్టింది. కాబట్టి అమ్మేముందు ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ సంవత్సరం అక్టోబరు 15కు ముందే అక్కడ అమ్ముడవుతున్నవన్నీ పాత చుట్టాలు. ఆ తరువాత వచ్చే కొత్త పదార్థమైతే చాలావరకు 75 రోజుల ముందు కబురు పంపాలి: వస్తున్నాను, నా వల్ల హాని ఉండదనడానికి ఇవీ ఆధారాలు, అని.

మరి లోపలికొచ్చి కూర్చున్న చుట్టం మంచివాడు కాదని తేలితే? అప్పుడు రుజువు చేయవలసింది ఇంటివాళ్లే. కుర్చీలో కూర్చున్న చుట్టాన్ని లేపి పంపడం ఎంత కష్టమో మీ అమ్మమ్మను అడగండి, రెండు గంటలు చెబుతుంది.

ఎఫెడ్రా అనే చుట్టం కథ అలాగే నడిచింది. అదొక చిన్న పొద. చూస్తే ఆకులే లేవనిపిస్తుంది, కణుపు కణుపుగా పచ్చటి పుల్లలే. చైనా వైద్యులు ఎప్పటి నుంచో దాన్ని జలుబుకు, ఉబ్బసానికి వాడుతున్నారు. అందులోని ఎఫెడ్రిన్ గుండెను వేగంగా కొట్టుకునేలా చేస్తుంది, రక్తపోటు పెంచుతుంది. అమెరికాలో దాన్నే బిళ్లలు చేసి బరువు తగ్గడానికి, ఆటల్లో చురుకు పెరగడానికి అమ్మారు. చైనాలో అది రోగి దగ్గరికి వెళ్లింది, అమెరికాలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల దగ్గరికి వచ్చింది. తేడా అదే. 1997లో ఎఫ్‌డీఏ మోతాదుకు హద్దు పెడదామని చూసింది. ఆధారాలు చాలవన్నారు. 2003 ఫిబ్రవరిలో స్టీవ్ బెక్లర్ అనే బేస్‌బాల్ ఆటగాడు సాధన చేస్తూ వడదెబ్బకు కుప్పకూలి మరణించాడు. వయసు 23. ఆ మరణంలో ఎఫెడ్రా పాత్ర కూడా ఉందని శవపరీక్ష చేసిన వైద్యుడు చెప్పాడు. 2004 ఫిబ్రవరిలో నిషేధం ప్రకటించారు, ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. 1994 చట్టం వచ్చాక ఒక సప్లిమెంటును నిషేధించడం అదే మొదటిసారి. అక్కడితో ఆగిందా? ఒక కంపెనీ కోర్టుకెక్కింది. 2005లో కింది కోర్టు, తక్కువ మోతాదులో ప్రమాదమని మీరు రుజువు చేయలేదంటూ కంపెనీ పక్షం పలికింది. 2006లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. గుమ్మంలో నాలుగు ప్రశ్నలు అడగడానికి బద్ధకించినందుకు ఇంత తిప్పలు. చట్టం చేసినవాళ్లకు వాళ్ల లెక్కలు వాళ్లకు ఉంటాయి. నాకు మాత్రం ఈ ఏర్పాటు తలకిందులుగా కనిపిస్తుంది.

చుట్టాల్లో ఇంకా రకాలున్నారు. ఒకడు సంచిలో మరొకణ్ణి దాచి తెస్తాడు. సీసా మీద "అంతా ప్రకృతి సహజం" అని రాసి ఉంటుంది, లోపల సిబుట్రమిన్ దొరుకుతుంది. బరువు తగ్గించే ఆ మందును గుండెపోటు, పక్షవాతం భయంతో 2010లో అమెరికా బజారు నుంచి తీసేశారు. ముందు గుమ్మం నుంచి వెళ్లగొట్టినది ఆకుల సంచిలో దాక్కుని దొడ్డిదారిన వచ్చిందన్నమాట. ఇంకొకడు తాను మంచివాడే గానీ, ఇంట్లో అప్పటికే ఉన్నవాళ్లతో పడదు. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే పూల మొక్క అలాంటిది. దాని బిళ్లలు వేసుకుంటే కొన్ని ముఖ్యమైన మందులు ఒంట్లో నిలవకుండా పోతాయి. వేసుకున్నవాళ్లకు ఆ సంగతే తెలియదు.

మూడో రకం మారుపేరుతో వచ్చేవాడు. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో సన్నబడటానికి ఒక క్లినిక్‌కు వెళ్లిన ఆడవాళ్లకు వరుసగా మూత్రపిండాలు పాడయ్యాయి. వంద మందికి పైగా దెబ్బతిన్నారు. వాళ్లకిచ్చిన మందు గొట్టాల్లో, అంటే క్యాప్సూల్స్‌లో, స్టెఫానియా అనే మొక్క వేరు ఉండాలి. దాని బదులు అరిస్టోలోకియా అనే మొక్క వేరు పొడి ఉంది. చైనా భాషలో రెండింటి పేర్లూ దగ్గర దగ్గరగా ఉంటాయి, ఎక్కడో ఒకదాని మూట మరొకదాని స్థానంలోకి వచ్చింది. ఆ పొడిని చూసి తేడా పట్టగలవాడు లేడు. ఆకుకు ఈనెలుంటాయి, వేరుకు బెరడూ వలయాలూ ఉంటాయి, విత్తనానికి ఆకారం ఉంటుంది. పొడికి ముఖం ఉండదు, పిల్లలూ!

ఇది రాస్తుంటే మా తాతగారు గుర్తొస్తున్నారు. ఆయనకు మూలికలు తెలుసు. వసారాలో దూలానికి గుడ్డ మూటలు వేలాడుతుండేవి. ఏ మూట ముడైనా వేరేవాళ్ల చేతిదని అనుమానం వస్తే చాలు, మారు మాట్లాడకుండా దాన్ని పారబోసేవారు. వేరు తీసి ముందు విరిచేవారు, చెవి దగ్గర పెట్టుకుని. ఎండిన వేరుకు ఒక చప్పుడు, చెమ్మ తగిలినదానికి మరొకటి. విరిగిన చోటును వెలుతురుకు తిప్పి చూసేవారు, వాసన పీల్చేవారు, ఆఖరున నాలుక చివర ఆనించి తుపుక్కున ఉమ్మేవారు. నాకు ఆ ఉమ్మడం ఒక్కటే నచ్చింది. చీపురు పుల్లలు విరిచి, వాసన చూసి, వసారా నిండా ఉమ్మి, అమ్మ చేతిలో అదే చీపురుతో తిన్నాను.

పెరట్లో గన్నేరు చెట్టొకటి ఉండేది. కంచె సందులోంచి మేకలు దూరి బంతి మొక్కలను, బీర పాదును నున్నగా మేసేవి. గన్నేరు దగ్గరికి వచ్చి మూతి చాచి, తుమ్మి, పక్కకు తప్పుకునేవి. గన్నేరులో గుండెను ఆపగలిగిన విషం ఉంది. ఆకే కదా, ఏం చేస్తుంది అనే మాట మనుషులంటారు గానీ, ఆ మేకలు మాత్రం ఒక్కనాడూ అనుకోలేదు.

అలాగని మా తాతగారి నాలుకే చాలుననుకోకండి. అరిస్టోలోకియా ఆ నాలుకకు కూడా అందదు. నోట్లో వేసుకున్న పూటే వాంతులు చేయించే విషాన్ని ఏ ఊరివాళ్లయినా కనిపెడతారు. ఈ మొక్కలోని ఆమ్లం నెలల మీదా ఏళ్ల మీదా మూత్రపిండాలను తినేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. డాన్యూబ్ నది, దాని ఉపనదుల పక్కనున్న కొన్ని పల్లెల్లో తరాల పాటు ఎందుకో తెలియని మూత్రపిండాల జబ్బు ఉండేది. గోధుమ చేలల్లో కలుపుగా మొలిచిన అరిస్టోలోకియా గింజలు పిండిలో కలవడమే కారణమని చాలా ఆలస్యంగా తేలింది. అన్నాళ్లు తిన్నా రొట్టె మీద ఎవరికీ అనుమానం రాలేదు. అందుకని "మా పెద్దలు తరతరాలుగా వాడారు" అని ఎవరైనా చెబితే కాదనకండి, సగం నమ్మండి. వెంటనే చంపదని ఆ మాటకు అర్థం. ఇరవై ఏళ్ల తరువాతి సంగతి అందులో లేదు. అది చూడటానికి లెక్కలు రాసిపెట్టే మనుషులు, ప్రయోగశాలలు, అవును, ఆ లారీవాళ్లు కూడా కావాలి.

ప్రభుత్వం పట్టుకున్నదల్లా విషమేనా అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. క్రేటమ్ అనే చెట్టుంది, కాఫీ కుటుంబానిది, ఆగ్నేయాసియాలో పెరుగుతుంది. అక్కడి కూలీలు అలసట తీరడానికి దాని ఆకు నములుతారు. ఎక్కువైతే మత్తు, అలవాటైతే వదలదు. 2016 జనవరిలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని సౌత్ బెలాయిట్‌లో దాదాపు 90,000 క్రేటమ్ సీసాలను మార్షల్స్ పట్టుకున్నారు. సరుకు విలువ 4 లక్షల డాలర్ల పైమాటే. ఇది కొత్త చుట్టం, హాని చేయదనడానికి తగిన ఆధారం చూపలేదు అన్నది అభియోగం. అదే ఏడు దాన్ని మాదకద్రవ్యాల జాబితాలో చేరుస్తామని మరో ప్రభుత్వ సంస్థ ప్రకటిస్తే, నొప్పులకు దాన్నే నమ్ముకున్నవాళ్లు గోల చేశారు. అక్టోబరులో ఆ సంస్థ వెనక్కి తగ్గింది. 2018లో కొన్ని క్రేటమ్ పొడుల్లో సాల్మొనెల్లా క్రిములు బయటపడి చాలామంది జబ్బుపడ్డారు. అటు థాయిలాండ్ చూస్తే, ఏళ్ల తరబడి నిషేధించిన ఆ ఆకును 2021లో చట్టబద్ధం చేసింది. ఎవరిది న్యాయం? చెట్టున ఉన్న ఆకు వేరు, గోనె సంచుల్లో సముద్రం దాటి పొడై గొట్టంలోకి ఎక్కినది వేరు అని మాత్రం నేను చెప్పగలను. మిగిలింది మీరు పెద్దయ్యాక తేల్చండి. చుట్టం ఉపమానం కూడా ఇక్కడ కుంటుతోంది, దాన్ని ఇంతదూరం నడిపించినందుకు దానికే దండం పెట్టాలి.

నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది వేరే ఉంది. అసలు మొక్క ఇవన్నీ ఎందుకు తయారు చేసుకుంటుంది? పురుగొస్తే పరుగెత్తలేదు, మేకొస్తే తన్నలేదు. నిలబడ్డ చోటే నిలబడి, మట్టినీ నీళ్లనూ గాలినీ ఎండనూ కలిపి, ఆకులో ఒక ఆయుధం వండుకుంటుంది. మన గుండె సంగతి ఎఫెడ్రాకు తెలియదు, మన నొప్పుల సంగతి క్రేటమ్‌కు తెలియదు. పురుగులకోసం చేసుకున్న తాళంచెవి మన ఒంట్లోని తాళానికి ఎలా సరిపోయింది! దీనికి పెద్ద పెద్ద పుస్తకాల్లో జవాబులున్నాయి, చదివాను. చదివాక ఆశ్చర్యం ఇంకా పెరిగింది.

సరే, మీకొక పని. మీ ఇంట్లో ఏదో ఒక సప్లిమెంటు సీసా ఉండే ఉంటుంది. మీ అమ్మను అడిగి బల్ల మీద పెట్టించుకోండి, మూత మాత్రం తీయవద్దు. ముందు వైపు పెద్ద అక్షరాలను వదిలేసి వెనక్కి తిప్పండి. ఏ మొక్కో రాశారా? వేరా, ఆకా, గింజా అన్నది కూడా చెప్పి తీరాలని అక్కడి నిబంధన, ఉందో లేదో చూడండి. రెండు మూడు మొక్కలు కలిపిన "ప్రొప్రైటరీ బ్లెండ్" అయితే మొత్తం బరువు ఒక్కటే వేస్తారు, ఏది ఎంతో చెప్పరు. ఆరోగ్యానికి ఫలానా మేలు చేస్తుందని ఎక్కడైనా రాసి ఉంటే, ఈ మాటను ఎఫ్‌డీఏ పరిశీలించలేదు, ఇది ఏ జబ్బునూ నయం చేయడానికి ఉద్దేశించింది కాదు అన్న వాక్యం కూడా దగ్గరలోనే ఉండాలి. భూతద్దం పట్టుకుని వెతకండి, చీమ తలంత అక్షరాలు ఉంటాయి. మొక్క పేరు, దాని భాగం, లాటు నంబరు ఒక కాగితం మీద రాసి నాకు పంపండి. ఆ మొక్క పచ్చగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో బొమ్మ వేసి పంపే పూచీ నాది. ఉడుత తోకలాంటి తప్పులు నా బొమ్మలోనూ ఉంటే ఊరుకోకండి, తిరుగు ఉత్తరంలో రాయండి.

మీ తాతయ్య