పుట్టకముందే కణితికి ఆపరేషన్: ఆ అవసరం ఎందుకొచ్చింది?

బిడ్డ తోక ఎముక దగ్గర పెరిగే టెరటోమా అరుదైన కణితి. సుమారు 35 నుంచి 40 వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది. పుట్టిన బిడ్డలో కనిపిస్తే చాలావరకు క్యాన్సర్ కాదు. తోక ఎముకతో సహా తీసేస్తే సాధారణంగా బిడ్డ కోలుకుంటుంది. మరి కడుపులో ఉండగానే తీయాలన్న ఆలోచన ఎందుకొచ్చింది?

అల్ట్రాసౌండ్ స్కానింగ్ వల్ల. అంతకుముందు సర్జన్లు చూసింది బతికి పుట్టిన పిల్లల్నే. కడుపులోనే పోయేవాళ్ల సంగతి 1980ల్లో స్కానింగ్‌లలో తెలిసొచ్చింది. కొన్ని కణితులు రక్తనాళాలతో నిండి, బిడ్డ రక్తంలో పెద్ద వాటా లాగేసుకుంటాయి. దానికి సరిపడా రక్తం కొట్టలేక గుండె అలసిపోతుంది, ఒళ్లంతా నీరు చేరుతుంది, మాయ ఉబ్బుతుంది. కొన్నిసార్లు తల్లికీ వాపులు, బీపీ వస్తాయి. దాన్నే మిర్రర్ సిండ్రోమ్ అంటారు. అంటే ప్రాణం తీసేది కణితి స్వభావం కాదు, గుండె మీద పడే భారం. మలుపంతా ఇక్కడే ఉంది.

అప్పటికే దారి పడింది. 1963లో న్యూజిలాండ్‌లో విలియం లైలీ కడుపులోని బిడ్డకు రక్తం ఎక్కించారు. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మైఖేల్ హారిసన్ బృందం మూత్రం అడ్డుపడిన బిడ్డకు గర్భసంచి తెరిచి ఆపరేషన్ చేసింది. టెరటోమా విషయంలో ఫిలడెల్ఫియాలో స్కాట్ అడ్జిక్ బృందం సాధించిన విజయం 1997లో ప్రచురితమైంది. ఈ ఆపరేషన్‌లో బిడ్డను పూర్తిగా బయటికి తీయరు. నడుము కింది భాగం, కణితి మాత్రమే పైకి తెచ్చి, మొదలు దగ్గర బిగించి కోస్తారు. ఉమ్మనీటికి బదులు గోరువెచ్చని ద్రవం నింపి గర్భసంచి కుట్టేస్తారు. గర్భం కొనసాగుతుంది.

చెప్పినంత సులువు కాదు. నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. ఆ తర్వాతి కాన్పులన్నీ సిజేరియన్లే. అందుకే సూది గుచ్చి రేడియో తరంగాల వేడితో రక్తనాళాలు మూసే పద్ధతి ప్రయత్నించారు. ఆ వేడికి పక్క కండరాలు దెబ్బతిన్న పిల్లలూ ఉన్నారు. ఊపిరితిత్తుల్లో పెరిగే కొన్ని గడ్డలకైతే తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లే ఆపరేషన్‌ను తప్పించాయి! మెడ గడ్డలకు ఇంకో ఉపాయం: సిజేరియన్ మధ్యలో, బొడ్డుతాడు కోయకముందే బిడ్డ గొంతులో గొట్టం వేయడం.

ఇప్పుడు కత్తి పట్టేది చాలా కొద్దిమందికే. గుండె అలసట లక్షణాలు 28 వారాల లోపే కనబడితే ఆలోచిస్తారు. అది దాటితే ముందుగా కాన్పు చేయడమే మేలని చాలాచోట్ల భావిస్తారు. తల్లికి మిర్రర్ సిండ్రోమ్ మొదలైతే మాత్రం బిడ్డకు ఆపరేషన్ మాట ఎత్తరు.