ఇన్వర్టర్ ఉన్నా కంప్యూటర్ ఎందుకు ఆగిపోతుంది?

"మా ఇంట్లో ఇన్వర్టర్ ఉందండీ. కరెంటు పోతే ఫ్యాను ఆగదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. అదీ మావాడు గేమ్ ఆడుతున్నప్పుడే. ఎలాగూ కొత్తది అసెంబుల్ చేయిద్దామనుకుంటున్నాం, ఏ ప్రాసెసర్ వేయిస్తే ఈ బాధ తప్పుతుంది?" అని ఒక పాఠకురాలు అడిగారు. గేమ్ ఆడేటప్పుడే ఆగుతోందని ఆవిడ గమనించడం నాకు భలే నచ్చింది. సగం జవాబు అందులోనే ఉంది.

ప్రాసెసర్ ఏదైనా ఒకటే. చూసుకోవాల్సింది ఎస్ఎంపీఎస్‌ని, అంటే ప్లగ్గులో వచ్చే ఏసీ కరెంటుని కంప్యూటర్ భాగాలకి కావాల్సిన డీసీగా మార్చిచ్చే డబ్బాని. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ కొట్టుకెళ్లినా బేరం ప్రాసెసర్‌తో మొదలవుతుంది. గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ అయ్యేసరికి అనుకున్న బడ్జెట్ దాటిపోతుంది. ఎస్ఎంపీఎస్ వంతు వచ్చేసరికి "క్యాబినెట్‌తో వచ్చేది చాల్లే" అనేస్తాం. మిగతా భాగాల గురించి సలహాలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి కాబట్టి నేను ఈ డబ్బా సంగతే చెప్తాను.

మన ప్లగ్గులో వచ్చే ఏసీ కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అంటే సెకనులో 100 సార్లు వోల్టేజి సున్నాకి వస్తుంది. ప్రతి 10 మిల్లీసెకన్లకీ ఒక బుల్లి కరెంటు కోత! ఆ సంగతి కంప్యూటర్ దాకా రాకుండా ఎస్ఎంపీఎస్‌లో ఉన్న పెద్ద కెపాసిటర్ (ఛార్జిని దాచిపెట్టుకునే భాగం) కాపు కాస్తుంటుంది. కరెంటు నిజంగానే పోయినప్పుడు, ఇన్వర్టర్ అందుకునే దాకా నెట్టుకొచ్చేదీ అదే. ఫ్యానుకి ఈ గొడవ లేదు, తిరిగే ఊపుమీదే ఆ ఖాళీ దాటేస్తుంది.

మేడ మీది నీళ్ల ట్యాంకునే తీసుకోండి. ట్యాంకు వైశాల్యం కెపాసిటెన్స్, నీటి ఎత్తు వోల్టేజి, నీళ్లు ఛార్జి. ఈ పోలిక లెక్కల్లో కూడా నిలబడుతుంది. ట్యాంకులో నీటికున్న శక్తి ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కెపాసిటర్‌లోనూ అంతే: సగం ఇంటూ కెపాసిటెన్స్ ఇంటూ వోల్టేజి వర్గం. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోసం మన పిల్లలు బట్టీపట్టే సూత్రమే ఇది. ఆ పాఠం చెప్పే రోజున పాడైన ఎస్ఎంపీఎస్‌లోంచి తీసిన కెపాసిటర్‌ని ఒక్కసారి వాళ్ల చేతికిస్తే ఎంత బాగుంటుంది!

అయితే ఈ ట్యాంకుకి కుళాయి అడుగున ఉండదు, బాగా పైన ఉంటుంది. మట్టం కుళాయి కిందికి దిగిందంటే ఇక నీళ్లు రావు. 380 వోల్టుల నుంచి 300 దాకానే వాడుకోగలమనుకుందాం. 400 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో ఆ మేరకు దొరికే శక్తి దాదాపు 11 జౌళ్లు. గేమ్ నడుస్తూ 400 వాట్లు లాగుతుంటే అది 27 మిల్లీసెకన్లు వస్తుంది. ఖర్చు కలిసొస్తుందని 200 మైక్రోఫారడ్లది పెడితే వచ్చేది పదమూడున్నరే. అదే చిన్న కెపాసిటర్, మెయిల్ చూసుకుంటూ 100 వాట్లే వాడుతుంటే 54 మిల్లీసెకన్లు ఆదుకుంటుంది. అందుకే ఆవిడ వాడేటప్పుడు ఆగని కంప్యూటర్ కొడుకు గేమ్ ఆడేటప్పుడు ఆగుతోంది. దసరాకి కంప్యూటర్‌కి బొట్టుపెట్టి పూజ చేయడం నాకూ ఇష్టమే. కానీ ఊరికే రీస్టార్ట్ అవుతోందని దానికి దిష్టి తీయకండి, ఇది అయిదారు జౌళ్ల లెక్క.

లోవోల్టేజి ఉంటే సమస్య ఇంకా ముదురుతుంది. వోల్టేజిని పెంచే ఏర్పాటు లేని డబ్బాలో 230 వోల్టుల ఏసీని నేరుగా డీసీ చేస్తే కెపాసిటర్ ఆ ఏసీ శిఖరం దాకా నిండుతుంది, అంటే ఎత్తు 325. ఎండాకాలం లైన్లో 180 వోల్టులే వస్తుంటే ఆ ఎత్తు 255కి పడిపోతుంది. ఇలాంటి డబ్బాలో కుళాయి 220 దగ్గరుందనుకుంటే, వాడుకోగలిగే శక్తి మూడో వంతు కూడా మిగలదు. డబ్బా మీద 'యాక్టివ్ పీఎఫ్‌సీ' (పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్) అని ఉందో లేదో చూడమనేది ఇందుకే. అందులో వోల్టేజిని పెంచే ఒక బూస్ట్ సర్క్యూట్ ఇండక్టర్‌లో (తీగచుట్టలో) కరెంటుని సెకనుకు వేల సార్లు కట్ చేస్తూ, లైను తగ్గినా కెపాసిటర్‌ని 380 దరిదాపుల్లోనే నిలబెడుతుంది. మున్సిపాలిటీ పంపులో ప్రెషర్ లేకపోయినా మోటారు పెట్టి ట్యాంకు నింపుకుంటాం కదా, అదే పని.

ట్యాంకు మట్టం దిగుతోందని మదర్‌బోర్డుకి చెప్పడానికి ఒక తీగ ఉంది. 24 పిన్నుల కనెక్టర్‌లో ఎనిమిదో పిన్ను, పేరు 'పవర్ ఓకే'. పాత ఎస్ఎంపీఎస్‌లలో బూడిదరంగు తీగ, ఇప్పుడు చాలావాటిలో అన్నీ నల్లవే. అన్నీ సవ్యంగా ఉంటే దాని మీద 5 వోల్టులుంటాయి. అది సున్నాకి పడిన వెంటనే మదర్‌బోర్డు ప్రాసెసర్‌ని రీసెట్ చేస్తుంది. కరెంటు పోయాక అవుట్‌పుట్ 17 మిల్లీసెకన్లు నిలబడాలని కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌లకి పెట్టిన ఏటీఎక్స్ ప్రమాణం చెబుతుంది. కొత్త ఏటీఎక్స్ 3.1లో 80 శాతం లోడు మీద 17 ఉంచి, పూర్తి లోడు మీద 12కి తగ్గించారు. కాబట్టి మీ కంప్యూటర్ గరిష్ఠంగా 400 వాట్లు వాడితే 550 లేదా 650 వాట్లది తీసుకోండి. కరెంటు బిల్లు పెరుగుతుందని టెన్షన్ వద్దు. 650 వాట్లనేది అది ఇవ్వగలిగే పరిమితి. లోపలి భాగాలు ఎంత అడిగితే అంత, దానికి తోడు వేడిగా పోయే కొంత, అంతే లాగుతుంది.

కొత్తది కొనేముందు మాత్రం ఇన్వర్టర్ దగ్గరికెళ్లి చూడండి. చాలావాటికి 'యూపీఎస్', 'నార్మల్' లేదా 'ఎకో' అని ఒక చిన్న స్విచ్ ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో బ్యాటరీకి మారడానికి సాధారణంగా 10 మిల్లీసెకన్ల చిల్లర పడుతుంది, రెండోదాంట్లో అంతకన్నా బాగా ఎక్కువ. స్విచ్ యూపీఎస్ వైపు తిప్పితే పాత కంప్యూటర్ కూడా ఆగకుండా నడవొచ్చు. కాకపోతే ఆ మోడ్‌లో లైను 180 వోల్టుల కిందికి వస్తే చాలు, ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. లోవోల్టేజి ఊళ్లలో అలా బ్యాటరీ తొందరగా దెబ్బతింటుంది. మీది అలాంటి ఊరైతే ఇన్వర్టర్‌ని నార్మల్‌లోనే ఉంచి, కంప్యూటర్‌కి విడిగా ఒక చిన్న యూపీఎస్ పెట్టించండి.